చికిత్సకు మూడవ పాదం: ద్విధ్రువ మనోవ్యాధిలో నర్సమ్మ సేవ

ఆయుర్వేదంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పబడ్డాయి. వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. చరక సంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలను నిర్దేశించి, ఆ పదహారు గుణాలూ కుదిరినప్పుడే చికిత్స ఫలిస్తుందని ఆచార్యులు నిర్ణయించారు. వైద్యుని గురించి, ఔషధాల గురించి మన పత్రికలలో విరివిగా వ్రాస్తూనే ఉన్నాము. మూడవ పాదమైన పరిచారకుని గురించి వ్రాసేది మాత్రం బహు తక్కువ. జ్వరానికో అజీర్ణానికో ఆ లోపం అంతగా కనబడకపోవచ్చును. కాని ఏండ్ల తరబడి మనిషిని విడవక, ఒకమారు ఆకాశానికెత్తి మరొకమారు పాతాళానికి పడవేసే ఒక మనోవ్యాధి ఉన్నది. ఆ వ్యాధిలో బరువంతా ఈ మూడవ పాదం మీదనే పడుతుంది. దానిని నేటి వైద్యులు బైపోలార్ డిజార్డర్ అంటున్నారు. తెలుగులో ద్విధ్రువ మనోవ్యాధి అనవచ్చును. అనంతపురం వంటి కరవు సీమలో ఈ వ్యాధి ఎట్లా మరుగున పడుతుందో, మందు మింగే రోగికి ఎండాకాలం ఎందుకు గండమో, నర్సులు దానిని ఎట్లా కాపు కాయగలరో పాఠకులకు వివరించడమే ఈ వ్యాస లక్ష్యం.

వ్యాధి స్వరూపం

ఈ వ్యాధికి రెండు ముఖాలున్నాయి. మొదటిది అత్యుత్సాహ దశ. దీనినే మేనియా అంటారు. రోగికి నిద్ర తగ్గుతుంది, అయినా అలసట ఉండదు. రెండు గంటలు పడుకొని లేచి కోడి కూయకముందే పనులు మొదలుపెడతాడు. మాట వేగం పెరుగుతుంది, ఒక విషయం నుండి మరొక విషయానికి దూకుతుంది. తనంతటివాడు లేడన్న భావన కలుగుతుంది. దానధర్మాలు, అప్పులు, కొనుగోళ్ళు హద్దు మీరుతాయి. అడ్డు చెప్పినవారిపై కోపం వస్తుంది. కొందరికి లేనిపోని మాటలు వినబడతాయి. ఈ స్థితి కనీసం వారం రోజులు నిలిచినప్పుడు వైద్యులు దానిని మేనియాగా నిర్ణయిస్తారు.

రెండవది విషాద దశ. ఏ పనిమీదా మనసు నిలవదు. ఆకలి, నిద్ర చెడతాయి. కొందరు అతిగా నిద్రిస్తారు. తాను ఎవరికీ పనికిరానివాడనని, చేసిన పాపమే ఇట్లా తగిలిందని కుమిలిపోతారు. చావు తలపులు వస్తాయి. రెండు వారాలకు మించి ఇట్లా ఉంటే అది మామూలు దిగులు కాదు, వ్యాధి.

ఈ రెండు దశల నడుమ నెలలో, ఏండ్లో రోగి చక్కగా ఉంటాడు. అందువల్లనే ఇంటివారు "ఇక నయమైపోయింది" అనుకొని మందు మాన్పించడం పరిపాటి. ఈ వ్యాధి చాలామందిలో పదిహేను నుండి ముప్పై ఏండ్ల లోపున తల ఎత్తుతుంది. వంశానుగతంగా వచ్చే అవకాశం ఎక్కువ. దయ్యమూ కాదు, చేతబడీ కాదు, పెంపకంలో లోపమూ కాదు.

బెంగుళూరులోని నిమ్‌హాన్స్ సంస్థ 2015, 2016 సంవత్సరాలలో 12 రాష్ట్రాలలో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో, జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి సోకినవారు పెద్దలలో నూటికి 0.5 మంది అని తేలింది. అంటే ఇన్నూరు మందిలో ఒకరు. రెండు వేల మంది పెద్దలున్న ఊరిలో పది మంది ఉండవచ్చునన్న మాట. వీరిలో నూటికి 70 మందికి ఏ చికిత్సా అందడం లేదని ఆ సర్వేయే తెలిపింది.

శాస్త్రంలో ఉన్మాదం

చరకాచార్యులు ఉన్మాదాన్ని నిర్వచించినప్పుడు కేవలం "పిచ్చి" అని ఊరుకోలేదు. మనస్సు, బుద్ధి, సంజ్ఞ, జ్ఞానం, స్మృతి, భక్తి, శీలం, చేష్ట, ఆచారం అనే వీటి విభ్రమమే ఉన్మాదమన్నారు. ఇందులో భక్తి అంటే దైవభక్తి అని కాదు, ఇష్టానిష్టాలు అని అర్థం. నిన్నటిదాకా పైసాపైసా కూడబెట్టినవాడు నేడు వెదజల్లితే అది శీలవిభ్రమం. నలుగురిలో మితంగా మాట్లాడేవాడు ఎదురైనవారినెల్లా ఆపి మాట్లాడితే అది చేష్టావిభ్రమం. మనిషిని ఇరుగుపొరుగువారితో పోల్చరాదు. అతని పూర్వస్వభావంతోనే పోల్చి చూడవలెను. ఈ సూత్రం నేటికీ నిర్ధారణకు ఆధారమే.

వాతోన్మాదంలో చెప్పిన అకారణమైన నవ్వు, పాట, ఆట, అతిభాషణం, పిత్తోన్మాదంలో చెప్పిన అసహనం, క్రోధం అత్యుత్సాహ దశను తలపిస్తాయి. కఫోన్మాదంలో చెప్పిన ఏకాంతప్రియత్వం, మితభాషణం, ఆహారంపై అరుచి విషాద దశను తలపిస్తాయి. అయినా ఈ మూడూ కలిసి ద్విధ్రువ వ్యాధి అని సమీకరణం వేయడం తగదు. పోలిక వేరు, అభేదం వేరు.

చికిత్స విషయంలోనూ నిష్పక్షపాతంగా మాట్లాడవలెను. కల్యాణక ఘృతం వంటి ఔషధాలతో పాటు, మిత్రులు ధర్మార్థాలతో కూడిన మాటలతో ఊరడించవలెనని శాస్త్రం చెప్పింది. అది శిరోధార్యం. రోగిని కట్టివేయడం, బెదిరించడం వంటి ఉపాయాలు కూడ ఆ ప్రాచీన గ్రంథాలలో కనబడతాయి. అవి ఆనాటి పద్ధతులు. నేడు అవి అక్కరలేదు, అనుమతింపబడవు కూడ.

కరవు సీమలో మరుగుపడే లక్షణాలు

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్నది. ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టుప్రక్కల. వానను నమ్మి వేరుశనగ వేసే రైతుకు పంట చేతికి రావడం ఒక జూదమే. అందుచేత ఈ నేల మీద ద్విధ్రువ వ్యాధి రెండు ముసుగులు వేసుకొని తిరుగుతుంది.

అత్యుత్సాహానికి బోరుబావి ముసుగు. ఒక రైతును ఊహించుకోండి. ఒక బోరు వేయించాడు, నీరు పడలేదు. వారంలోపల ఇంకొకటి. టెంకాయ పట్టి పాయింటు చూసేవానికి చేతికి అందినంత ఇచ్చాడు. మూడవ దానికి భార్య మెడలోని బంగారం కుదువపెట్టాడు. రాత్రంతా బోరు బండి దగ్గర కూర్చొని, తెల్లవారి ఊరందరికీ ఉచితంగా నీళ్ళిస్తానని ప్రకటించాడు. చూచేవారు "పాపం, నీళ్ళ కోసం ఆరాటం" అంటారు. కరవు సీమలో ఎవరు బోర్లు వేయించరు? కాని ఆశతో బోరు వేయించేవాడు అప్పును తలచుకొని రాత్రి నిద్ర పట్టక పొర్లుతాడు. వ్యాధిగ్రస్తునికి నిద్ర అవసరమే తోచదు, అప్పు గుర్తుకే రాదు. ఒకరిది చింత వలన పోయిన నిద్ర. మరొకరిది అక్కరలేక పోయిన నిద్ర. ఈ తేడా ఇంటి ఆడవారికి ముందుగా తెలుస్తుంది.

విషాదానికి అప్పుల ముసుగు. పంట పోయి, వడ్డీ పెరిగి, మనిషి మూలన కూర్చుంటే "కష్టాలు వచ్చినవాడు దిగులుగా ఉండక ఏం చేస్తాడు" అంటారు. నిజమే, కష్టం నిజమైనదే. అయినా వాన పడినా, అప్పు తీరినా, కూతురికి కాన్పై మనవడు పుట్టినా ముఖం వికసించకపోతే అది పరిస్థితి వలన కలిగిన దిగులు మాత్రమే కాదు. పూర్వం ఎన్నడైనా నిద్రలేని ఉత్సాహ దశ వచ్చి ఉన్నదేమో అని తప్పక అడగవలెను. ఈ ప్రశ్న అడగకుండ కేవలం విషాదానికి మాత్రలిస్తే, ద్విధ్రువ వ్యాధి కలవారిలో అవి అత్యుత్సాహాన్ని రేపవచ్చును. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకొనే మందు కాదు ఇది.

నేల ఉప్పు నుండి వచ్చిన మందు

ఈ వ్యాధికి ప్రధానమైన ఔషధాలలో లిథియం ఒకటి. ఇది ఖనిజ లవణం. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ అత్యుత్సాహ రోగులలో దీని గుణాన్ని ప్రకటించాడు. తరువాత డెన్మార్కు దేశంలో మోగెన్స్ షూ పరీక్షలతో దానిని నిలబెట్టాడు. రసశాస్త్రం చదివిన మాకు ఖనిజం ఔషధమవడం ఆశ్చర్యం కాదు. మోతాదు మించితే అదే విషమవుతుందన్న మాట కూడ కొత్త కాదు. లిథియంతో పాటు వాల్‌ప్రోయేట్, క్వెటియాపిన్, ఒలాంజపిన్ వంటి మందులను కూడ మానసిక వైద్యులు రోగిని బట్టి ఎన్నుకుంటారు.

లిథియం ప్రత్యేకత ఏమంటే, పనిచేసే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య ఎడం చాలా తక్కువ. సాధారణంగా రక్తంలో లీటరుకు 0.6 నుండి 1.0 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషలక్షణాలు మొదలు కావచ్చును. అందువలన మాత్ర వేసుకొన్న 12 గంటలకు రక్తం తీసి పరీక్షిస్తారు. మొదట్లో తరచుగాను, స్థిమితపడిన తరువాత మూడు నుండి ఆరు నెలలకొకసారిగాను ఈ పరీక్ష జరగవలెను. మూత్రపిండాలను, థైరాయిడ్ గ్రంథిని ఆరు నెలలకొకమారు చూపించుకోవలెను. ఈ జాగ్రత్తతో వాడినవారు దశాబ్దాల పాటు సేద్యం చేసుకొని, సంసారం చేసుకొని బ్రతుకుతున్నారు. ఆత్మహత్యల ప్రమాదాన్ని తగ్గించే గుణం ఈ మందుకు ఉన్నదని వైద్యశాస్త్రం గుర్తించింది. హఠాత్తుగా మానివేస్తే మాత్రం వ్యాధి త్వరలోనే తిరగబెట్టే ప్రమాదం ఉన్నది.

మండువేసవి గండం

ఇక్కడనే అనంతపురం పాఠకులు చెవి ఒగ్గి వినవలెను. మూత్రపిండాలు లిథియాన్ని ఉప్పుతో సమానంగా చూస్తాయి. శరీరంలో నీరు, ఉప్పు తగ్గినప్పుడు అవి ఉప్పును దాచుకుంటాయి. దానితో పాటు లిథియాన్ని కూడ దాచుకుంటాయి. అప్పుడు అదే మాత్ర, అదే మోతాదు, రక్తంలో విషప్రమాణానికి చేరుతుంది. ఏప్రిల్, మే నెలలలో చెట్టు నీడ లేని చేనిలో పొద్దంతా చెమటోడ్చే మనిషికి ఇది ఏటా ఎదురయ్యే ప్రమాదం. వాంతులు, విరేచనాలు, జ్వరం వచ్చినప్పుడు కూడ ఇదే జరుగుతుంది.

విషలక్షణాలు ఇవి: చేతులు బాగా వణకడం, వాంతి, విరేచనాలు, నడక తూలడం, నాలుక మొద్దుబారినట్లు మాట తడబడడం, మత్తు, అయోమయం. ఇవి కనబడితే తరువాతి మాత్ర ఆపి ఆ పూటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళవలెను. వడదెబ్బ అనుకొనో, తాగినాడనుకొనో ఇంట్లో పడుకోబెట్టరాదు.

గృహవైద్యం మీద మక్కువ గల మన పాఠకులకు ఒక వైద్యునిగా నా హెచ్చరికలు:

1. లిథియం వాడేవారు పల్లేరు కాయల కషాయం, గలిజేరు కషాయం మొదలైన మూత్రాన్ని జారీ చేసే మందులను మానసిక వైద్యునికి తెలుపకుండ వాడరాదు. సునాముఖి, ఆముదం వంటి విరేచనాలు, పంచకర్మలోని వమన విరేచనాలు కూడ అట్లే.

2. రక్తపోటు అని విని స్వయంగా ఉప్పు మానరాదు. ఉప్పును ఒక్కసారిగా తగ్గించినా పెంచినా రక్తంలో మందు పాళ్ళు మారతాయి. ఏటి పొడుగునా ఒకే తీరుగా తినవలెను. ఎండాకాలంలో పలుచని ఉప్పు మజ్జిగ, రాగి అంబలి, తరచుగా మంచినీరు మన ఇంటి రక్షణ.

3. అనంతపురం జిల్లాలో చాలా ఊళ్ళలో భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువ. కీళ్ళనొప్పులకు షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ కొని మింగడం అలవాటైపోయింది. ఇవి లిథియం పాళ్ళను పెంచుతాయి. కొన్ని రక్తపోటు మాత్రలు కూడ అంతే. ఏ వైద్యుని వద్దకు వెళ్ళినా "నేను లిథియం వాడుతున్నాను" అని ముందుగా చెప్పవలెను.

4. సర్పగంధ మన దేశపు గొప్ప మూలిక. 1931లో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని గుణాలను ప్రకటించారు. 1952లో దాని నుండి రిసెర్పిన్ వేరుచేయబడి ప్రపంచమంతా వాడుకలోకి వచ్చింది. అయితే అది కొందరిలో తీవ్ర విషాదాన్ని కలిగించిందని వైద్యులు గమనించారు. ద్విధ్రువ రోగి దానిని సొంతంగా వాడడం నిషిద్ధం.

5. అరిష్టాలలో, ఆసవాలలో స్వయంగా పుట్టిన మద్యాంశం ఉంటుంది. "మూలికా టానిక్కే కదా" అని తాగరాదు. సారాయి, బీరు, గంజాయి సంగతి చెప్పనే అక్కరలేదు.

ఆయుర్వేదం ఈ వ్యాధిలో ఆధునిక ఔషధానికి బదులుగా నిలబడదు. దినచర్య, ఆహారం, నిద్ర, సత్త్వావజయం అనే మనోనిగ్రహ చికిత్స ద్వారా ప్రక్కన నిలబడుతుంది. మాత్రలు మాని లేహ్యం తినమని ఎవరైనా చెబితే, ఆ వైద్యుని సలహా వినవద్దని నిస్సంకోచంగా చెబుతున్నాను.

పరిచారకుని నాలుగు గుణాలు, నేటి నర్సు

ఉపచారజ్ఞత, దాక్ష్యం, అనురాగం, శౌచం. పరిచారకునికి చరకాచార్యులు చెప్పిన గుణాలు ఇవి. ఈ నాలుగింటిని నేటి మానసిక వార్డులో నర్సు చేసే పనులతో పోల్చి చూడండి.

ఉపచారజ్ఞత అంటే సేవ ఎట్లా చేయవలెనో తెలిసి ఉండడం. అత్యుత్సాహ దశలోని రోగితో వాదించరాదు, అతని గొప్పలకు తల ఊపనూరాదు. నర్సు అతనిని సందడి లేని మూలకు తీసుకొని వెళ్తుంది. గట్టి వెలుగును, జనాన్ని తగ్గిస్తుంది. చిన్న మాటలలో, ఒకే గొంతుతో చెబుతుంది. "నాయనా, ముందు ఈ మజ్జిగ తాగు. ఊరికి నీళ్ళ సంగతి తరువాత మాట్లాడుకుందాం" అంటుంది. అటువంటి రోగి కూర్చొని అన్నం తినడు. కనుక నడుస్తూ తినగలిగే అరటిపండు, రాగిముద్ద, శనక్కాయ ఉండలు చేతికి ఇస్తుంది. ఎంత తాగాడో, ఎన్ని గంటలు నిద్రించాడో వ్రాసుకుంటుంది. ఈ లెక్కయే వైద్యునికి మోతాదు నిర్ణయించడానికి కన్ను.

దాక్ష్యం అంటే నేర్పు, చురుకుదనం. 12 గంటల లెక్క తప్పకుండ రక్తం తీయించడం, వణుకు కొత్తగా పెరిగిందా అని చేయి పట్టి చూడడం, మాత్ర మింగాడా, దవడలో దాచాడా అని గమనించడం ఇందులోనివి. విషాద దశలో ఒక సూక్ష్మం ఉన్నది. లోతైన విషాదంలో రోగికి చచ్చే ఓపిక కూడ ఉండదు. మందు పనిచేయడం మొదలై ఒంట్లో కాస్త సత్తువ వచ్చి, మనసింకా తేరుకోని రోజులలోనే ప్రమాదం హెచ్చు. ఇంటివారు "లేచి తిరుగుతున్నాడు, ఇక భయం లేదు" అనుకొనే సమయంలోనే అనుభవం గల నర్సు కాపలా పెంచుతుంది. చావు తలపులున్నాయా అని సూటిగా అడుగుతుంది. అట్లా అడిగితే లేని ఆలోచన పుడుతుందని జనం భయపడతారు. ఆ భయం తప్పు. అడిగినవారి దగ్గర రోగి గుండెబరువు దించుకుంటాడు. పల్లెలో ఈ కాపలాకు మరొక భాగం ఉన్నది. పురుగుమందు డబ్బాలను ఇంటి నుండి తీసివేయించడం.

అనురాగం అంటే జాలి కాదు. రోగి మేనియాలో తిట్టిన తిట్లను మరునాటికి మనసులో ఉంచుకోకపోవడం. తేరుకొన్నాక తన చేష్టలు తలచుకొని సిగ్గుతో చితికిపోయే మనిషికి "అది నీవు కాదన్నా, నీ జబ్బు" అని చెప్పగలగడం.

శౌచం అంటే చేతుల శుభ్రత మాత్రమే కాదు, నడవడి శుభ్రత కూడ. పెండ్లి కావలసిన ఆడపిల్లకు జబ్బున్నదని ఊరిలో పొక్కకుండ చూడడం అందులోనిదే. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి వివరాలను రహస్యంగా ఉంచుకొనే హక్కును అతనికి ఇచ్చింది.

ఈ విద్య మన దేశంలో కొత్తగా పుట్టినది కాదు. బెంగుళూరులోని సంస్థలో 1950వ దశకంలోనే మానసిక నర్సింగ్ డిప్లొమా ప్రారంభమైంది. రాయలసీమవారికి పరిచితమైన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల 1957లో నెలకొల్పిన మానసిక ఆరోగ్య కేంద్రంలో, రోగితో పాటు ఇంటి మనిషి కూడ ఉండే పద్ధతిని అవలంబించారు. ఇంటి మనిషికి నర్సు పని నేర్పి పంపడమే దాని అంతరార్థం. మన పొరుగున ఉన్న బళ్ళారి జిల్లాలో 1980వ దశకం నడుమ, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వైద్యులకు, ఆరోగ్య కార్యకర్తలకు తర్ఫీదు ఇచ్చి మానసిక వైద్యాన్ని పల్లెకు తెచ్చారు. తరువాత 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి ఆ బళ్ళారి నమూనాయే ఆధారం. అనంతపురంలోనూ గ్రామాలకు నడిచే ఆరోగ్యసేవ ఎరుగనిది కాదు. 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు బత్తలపల్లిలో ఆసుపత్రి నడపడమే కాక నర్సింగ్ విద్యను కూడ పల్లె ఆడపిల్లలకు చేరువ చేసింది.

నేర్పిన మాట మందులా పనిచేస్తుందనడానికి రుజువు కూడ ఉన్నది. బార్సెలోనా నగరంలో 120 మంది ద్విధ్రువ రోగులపై జరిపిన పరిశోధన 2003లో వెలువడింది. మందులతో పాటు 21 వారాలు తమ వ్యాధిని గురించి క్రమంగా పాఠాలు నేర్చుకొన్నవారిలో, రెండేండ్ల కాలంలో, మిగిలినవారికంటె వ్యాధి తిరగబెట్టడం తగ్గింది. నర్సు తీరికగా కూర్చొని చెప్పే నాలుగు మాటలు వృథా కావని దీని వలన గ్రహించవలెను.

ఇంట్లో పాటించవలసిన చర్య

నిద్ర: ఈ వ్యాధికి నిద్రాభంగం నిప్పుకు గాలి వంటిది. రాత్రి జాగరణ వాతాన్ని ప్రకోపింపజేస్తుందని ఆయుర్వేదం చెబుతుంది. ఒకటి రెండు రాత్రుల నిద్రలేమి మేనియాను రేపగలదని ఆధునిక వైద్యం చెబుతుంది. కనుక శివరాత్రి జాగరం, గూగూడు పీర్ల పండుగ రాత్రులు, తెల్లవార్లు జరిగే నాటకాలు ఈ రోగులకు మినహాయింపు. రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటారు వేయడానికి పొలం పోయే పనిని ఇంట్లో మరొకరు చూచుకోవలెను. పగటిపూట దర్శనం చేసుకొన్నా పుణ్యానికి కొరత రాదు.

ఉపవాసం: నీరు కూడ ముట్టని ఏకాదశి ఉపవాసాలు లిథియం వాడేవారికి తగవు. రంజాన్ ఉపవాసం ఉండదలచినవారు నెల ముందుగానే వైద్యునితో మాట్లాడి తీరవలెను.

ముందస్తు గుర్తులు: ప్రతి రోగికి వ్యాధి తిరగబెట్టే ముందు తనకే ప్రత్యేకమైన గుర్తులు రెండు మూడు ఉంటాయి. ఒకరు తెల్లవారుజామున లేచి ఇల్లు సర్దుతారు. ఒకరు పాత చుట్టాలకు వరుసగా ఫోన్లు చేస్తారు. బాగున్నప్పుడే రోగి, ఇంటివారు, నర్సు కలిసి వాటిని ఒక కాగితంపై వ్రాసుకోవలెను. గుర్తు కనబడిన నాడు ఎవరికి ఫోన్ చేయవలెనో దాని క్రిందనే వ్రాయవలెను.

డబ్బు: బాగున్నప్పుడే రోగి సమ్మతితో పాసుపుస్తకాలు, బంగారం, ఏటీఎం కార్డు నమ్మకమైన ఒకరి చేతిలో ఉంచవలెను. మేనియా వచ్చిన తరువాత లాక్కొంటే తగువులే మిగులుతాయి.

మందు: బెంగుళూరు సుమారు 200 కిలోమీటర్ల దూరం. కూలికి వలసపోయేటప్పుడు మాత్రలు, వైద్యుని చీటీ, రక్తపరీక్ష కాగితం తప్పక వెంట ఉండవలెను. వలసలో మందు అయిపోవడమే ఎందరికో వ్యాధి తిరగబెట్టడానికి కారణం.

కాన్పు: గర్భం ధరించదలచిన స్త్రీలు ముందుగానే వైద్యుని కలవవలెను. వాల్‌ప్రోయేట్ వలన శిశువుకు అవయవలోపాలు, బుద్ధిమాంద్యం కలగవచ్చును. కాన్పు తరువాతి వారాలలో వ్యాధి తిరగబెట్టే ముప్పు మెండు. బాలింతకు నిద్ర దక్కేటట్లు అమ్మమ్మ, నాయనమ్మ రాత్రిపూట బిడ్డను చూచుకోవలెను.

సంకెళ్ళు వద్దు

దేవుని గుడికో, దర్గాకో తీసుకొని వెళ్ళడాన్ని నేను ఆక్షేపించను. ఓదార్పు కూడ ఒక బలమే. కాని మాత్ర మాన్పించి అక్కడ కట్టివేయడం ఘోరం. 2001 ఆగస్టు 6వ తేదీన తమిళనాడులోని ఏర్వాడిలో ఒక ఆశ్రయంలో నిప్పంటుకొన్నప్పుడు, గొలుసులతో కట్టబడిన మనోరోగులు పారిపోలేక 28 మంది మరణించారు. 2017 చట్టం, 2018 మే 29 నుండి అమలులోకి వచ్చినది, రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించరాదని నిషేధించింది. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడికి లోనైనవారిగా భావించి, శిక్షకు గురిచేయరాదని కూడ నిర్దేశించింది. కనుక కేసు భయంతో ఆసుపత్రికి పోకుండ దాచవలసిన పని లేదు.

ఎక్కడికి పోవలెను

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉన్నది. ఊరిలోనే ఆశా కార్యకర్త, ఏ.ఎన్.ఎం. ఉన్నారు. గ్రామ ఆరోగ్య కేంద్రాలలో పనిచేసే ఎం.ఎల్.హెచ్.పి.లు నర్సింగ్ పట్టభద్రులు. రక్తపోటు, మధుమేహం చూచినట్లే వారు ఈ రోగి వణుకును, నిద్రను, మాత్రల లెక్కను నెలనెలా చూడగలరు. అడగడమే తరువాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలిమానస్ సేవకు 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చును. చావు తలపులు వినబడితే రోగిని ఒంటరిగా వదలక ఆ క్షణమే ఆ నంబరుకో, 108కో ఫోన్ చేయండి.

ఒక మాట పరిచారకుల పక్షాన కూడ చెప్పవలెను. ఇంట్లో ఏండ్ల తరబడి కాపు కాచే భార్య, తల్లి, అన్న కూడ అలసిపోతారు. వారంలో ఒక పూటైనా మరొకరు ఆ బరువు మోయవలెను. వారి నిద్ర చెడితే వారూ రోగులౌతారు.

ఈ వ్యాధి గల మనిషి మీ ఇంట ఉన్నట్లయితే, ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నర్సమ్మను మూడు ప్రశ్నలు అడగండి. తరువాతి రక్తపరీక్ష ఏ తేదీన, మాత్ర వేసుకొన్న ఎన్ని గంటలకు? వాంతులో, విరేచనాలో, వడదెబ్బో తగిలితే మాత్ర ఏం చేయవలెను? మావాడికి తిరగబెట్టే ముందు కనబడే గుర్తులు ఏవి? ఆమె చెప్పిన జవాబులను ఒక కాగితం మీద వ్రాసి, వంటింటి గోడకు క్యాలెండరు ప్రక్కన అంటించండి. మార్చి నెల రాకముందే ఆ పని పూర్తి చేయండి.